మా పేరున్న రాయి

విశాఖపట్నంలో కైలాసగిరి ఎక్కినా, సింహాచలం మెట్లెక్కినా కాలికింద ఎక్కువగా ఉండే రాయి ఒకటే. దాని పేరు ఖొండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి ప్రాంతపు రాళ్ల గురించి రాస్తూ, ఆ కొండల్లో బతికే ఖోండుల పేరును ఈ రాయికి పెట్టాడు. ఖోండులంటే మేమే. మా ఏజెన్సీలో కోదులంటారు, సామంతులంటారు. ఇంట్లో మేం మాట్లాడుకునేది కువి.

నేను డిగ్రీ, బీఈడీ చదివి, ఆశ్రమ పాఠశాలలో ఫిజిక్స్ చెప్పే మాస్టారినయ్యే దాకా ఈ సంగతి నాకు ఏ పాఠంలోనూ దొరకలేదు. గాజువాకలో చిన్నాన్న ఇంట్లో ఉన్నప్పుడు ఫోనులో దొరికింది. అందుకే ఇంటర్నెట్‌లో ఉన్న సైన్సు సామగ్రి గురించి మన పిల్లలకూ తోటి మాస్టార్లకూ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు మన ఇబ్బంది చెబుతాను. మా బడి దగ్గర సిగ్నల్ కావాలంటే కొండ మలుపు దాకా నడవాలి. వీడియో మొదలవుతుంది, ఆగిపోతుంది, పిల్లల ధ్యాస చెదిరిపోతుంది. కాబట్టి నెలకోసారి విశాఖ దిగినప్పుడు కావలసినవన్నీ పెన్‌డ్రైవ్‌లో నింపుకుని పైకి తెస్తాను. సంతకు దిగినవాళ్లు ఉప్పు, కిరాణా మోసుకొచ్చినట్టే ఇదీ.

దీనికి బాగా పనికొచ్చేది ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో కార్ల్ వీమన్ అనే భౌతిక శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఉచిత ప్రయోగాలివి. ఒకసారి దించుకుంటే ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. బ్యాటరీ, బల్బు, తీగ కలిపి చూడొచ్చు. ఎత్తు నుంచి జారే పిల్లవాడిలో శక్తి ఎలా మారుతుందో చూడొచ్చు.

అయితే తెర మీద బొమ్మ జారడం చూపించి ఊరుకుంటే పాఠం అక్కడే ఆగిపోతుంది. మన కళ్ల ముందే పెద్ద ప్రయోగం నడుస్తోంది. బైలడిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ లైను మీద అరకు మీదుగా విశాఖకు దిగుతుంది. ఆ దారిలో శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఒక టన్ను ఖనిజం సముద్ర మట్టానికి దిగితే ఎంత స్థితిశక్తి తగ్గుతుంది? 1000ని 9.8తో, మళ్లీ 996తో గుణిస్తే దాదాపు 98 లక్షల జౌళ్లు. కరెంటు బిల్లు లెక్కలో సుమారు 2.7 యూనిట్లు. రోజూ గూడ్సు బండిని చూసే పిల్లలకు సూత్రం అప్పుడు అర్థమైంది. బండి దిగుతున్నంతసేపూ బ్రేకులు ఎందుకు వేడెక్కుతాయో వాళ్లే చెప్పారు.

గూగుల్ ఎర్త్‌లో కానీ, ఇస్రో వారి భువన్‌లో కానీ మన ఊరిని వెతికి పిల్లలకు చూపించండి. ఊరి ఎత్తు తెలిశాక నీళ్లు మరిగించి థర్మామీటరు పెట్టండి. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు ప్రాంతంలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, విశాఖ తీరంలో 100 దగ్గర. గాలి ఒత్తిడి పాఠానికి ఇంతకంటే చవకైన ప్రయోగం లేదు. సిగ్నల్ ఉన్న ఊళ్లలో పశువులు కాసేవాళ్ల ఫోనుల్లో దామిని యాప్ వేయించండి. పుణేలోని ఐఐటీఎం తయారుచేసిన ఈ యాప్ దగ్గర్లో పిడుగులు పడే సూచన చెబుతుంది. సిగ్నల్ లేనిచోట మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది.

ఇక రాళ్ల సంగతి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారి భూకోశ్‌లో రాళ్ల పటాలున్నాయి. ఆ పటంలో మా ఊరిని చూపించి, కింద ఉన్నది ఖొండలైట్ అనీ, ఆ పేరు మనదేననీ చెప్పాను. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, సుమారు వంద కోట్ల ఏళ్ల కింద భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారి ఈ రాయి అయింది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఇసుకలో కూడా ఈ కొండల నుంచి కొట్టుకొచ్చిన భాగం ఉంది. కొండల పైన లక్షల ఏళ్లు వానలు పడి సిలికా కరిగిపోయి, అల్యూమినియం మిగిలిన చోట ఇదే రాయి బాక్సైట్ అయింది.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి అడిగింది: "సార్, మన పేరున్న రాయే బాక్సైట్ అయితే, అది ఎవరిది?"

ఫిజిక్స్ మాస్టారు జవాబు చెప్పే ప్రశ్న కాదని దాటేయొచ్చు. నేను దాటేయలేదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి చెప్పాను. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు. తర్వాత ఒక బాక్సైట్ ముక్కను ఎండబెట్టి తూచాం, రాత్రంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచాం. బరువు పెరిగింది. ఆ రాయిలో సన్నటి రంధ్రాలుంటాయి, నీళ్లు పడతాయి. కొండ పైపొర పోతే కింద గెడ్డకు ఏమవుతుందని పిల్లలు వాళ్లంతట వాళ్లే చర్చ మొదలుపెట్టారు.

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రేపు గ్రామసభలో మన ముందు పటాలు పరుస్తారు, శాతాలు చెబుతారు, ఇంగ్లీషు నివేదికలు పెడతారు. అవి చదివి ప్రశ్న వేయగలవాడు ఊరికొక్కడైనా ఉండాలి. మాస్టార్లూ, పదవ తరగతి మార్కుల కోసమే కాదు, ఆ రోజు కోసం కూడా ఈ పాఠాలు చెప్పండి. కువిలో, ఆదివాసీ ఒరియాలో, పిల్లలకు ఏ మాట వస్తే ఆ మాటలో వివరించండి. మన భాషల్లో ఇలాంటి సామగ్రి నెట్‌లో చాలా తక్కువ. ఫోను చేతిలో ఉంది కదా, మన గెడ్డ దగ్గర, మన రాయి ముందు నిలబడి అయిదు నిమిషాల పాఠం మనమే తీద్దాం. మొదటిది ఖొండలైట్ మీద నేను తీస్తున్నాను. కువిలో మాట్లాడేది ఆ తొమ్మిదో తరగతి అమ్మాయే.