గిటారునకు శ్రుతిపెడలు

శ్రుతిని తల్లిగాను, లయను తండ్రిగాను భావించి సంగీతమును సాధింపవలయునని మన పెద్దలు చెప్పుదురు. తల్లి లేని యిల్లెట్లుండునో శ్రుతి లేని పాటయు నట్లే యుండును. వీణ గాని, వయొలిను గాని యున్న యిండ్లలో ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నేడు పెక్కు తెలుగు గృహములలో వీణ ప్రక్కనే, కొన్నింట వీణకు మారుగా, విద్యుద్గిటారు వచ్చి కూర్చున్నది. దానిని చేపట్టినవారిలో ఆడపిల్లలును కలరు. గిటారు కొనునప్పుడు తల్లిదండ్రులు వేలకు వేలు వెచ్చింతురు. దానిని శ్రుతిచేయు సాధనమును గూర్చి మాత్రము పలువురు తలపనైన తలపరు. ఆ చిన్న సాధనమును గూర్చియే సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిని.

మా రెండవ అమ్మాయి ఇంజనీరింగు చదువుచు, నలుగురు స్నేహితురాండ్రతో కలసి యొక వాద్యబృందమును నడుపుచున్నది. నా వీణ వినుచు పెరిగిన పిల్ల, చెవి మంచిది. క్రిందటి యేడు ఒక సభలో రెండు పాటల నడుమ ఆమె గిటారును సరిచేసికొనుచుండగా, తంతులు ఎక్కించుచు దించుచు చేసిన ఆ చప్పుడంతయు పెద్ద స్పీకరులగుండ సభ నిండ వినవచ్చినది. ముందు వరుసలో కొందరు నవ్విరి. "ఈ పాటయే అన్నిటికంటె బాగున్నది" అని యొకరు కేకవేసిరి. పిల్ల తొట్రుపడి, అరకొర శ్రుతితోనే తరువాతి పాట నెత్తుకొన్నది. ఇంటికి వచ్చి గిటారును సంచిలోనుండి తీయక మూలను నిలిపి, పదునైదు దినములు దానివంక చూడలేదు. లోపము ఆమె చేతిలో లేదు, చెవిలోను లేదు. వేదికమీద ఎవరికిని వినబడకుండ శ్రుతిచేసికొను వీలు లేకపోవుటయే లోపము.

అట్టి వీలు కలిగించు పెడలొకటి కలదని, అది కొనవలయునని మేము తలపెట్టగా మా అత్తగారు వినిరి. "మా కాలమున శ్రుతికి చెవియే యంత్రము. ఇప్పుడు చెవికి కూడ కరెంటు కావలెనా?" అనిరి. ఆమె పాత సంగీతము తెలిసిన మనిషి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. నేనును వీణ వాయించుదాననే కనుక, ఆ ప్రశ్న నా మనస్సులోను నాటుకొన్నది.

గిటారు శ్రుతి యేల తప్పును? దానికి సాధారణముగా ఆరు తంతులు. లావు తంతి మొదలు సన్నని తంతి వరకు ఈ, ఏ, డి, జి, బి, ఈ అను స్వరములకు వానిని బిగింతురు. లావు తంతి సెకండునకు 82.41 మారులును, సన్నని తంతి 329.63 మారులును కంపించును. అనగా రెంటికి నడుమ సరిగా రెండు స్థాయిల యెడము. ఇనుపతంతులు వేదికమీది దీపముల వేడికి సాగును, చల్లగాలికి ముడుచుకొనును. క్రొత్త తంతి కొన్నాళ్లు సాగుచునే యుండును. మనము వీణపై తంతిని లాగి గమకము పలికించునట్లే గిటారువారును తంతిని ప్రక్కకు లాగి వాయింతురు. విడిచిన పిదప అది యెప్పుడును మొదటి చోటికే వచ్చునను నమ్మకము లేదు. వీణకును బిరడలు జారును. ఐతే వీణకచేరీలో శ్రుతి చేయుచుండగా శ్రోతలు ఓపికతో వేచియుందురు. అదియు కచేరీలో నొక భాగమే. డోళ్లు మ్రోగు వేదికమీద ఆ ఓపిక యెవరికిని లేదు.

ఇక పెడలు చేయు పని చెప్పెదను. విద్యుద్గిటారులో తంతుల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగ చుట్లును ఉండును. ఇనుపతంతి కదలినప్పుడు ఆ చుట్లలో స్వల్పమైన విద్యుత్తు పుట్టి, త్రాడువంటి తీగ వెంబడి స్పీకరు కలిగిన పెట్టెకు పోవును. ఆ దారిలో, వాద్యకారిణి పాదముల చెంత, అరచేతిలో ఇముడునంతటి లోహపు పెట్టె నొకదాని నుంచుదురు. అదియే శ్రుతిపెడలు. కాలితో నొక్కగనే స్పీకరునకు పోవు ధ్వని ఆగిపోవును. పెట్టెమీద చిన్న దీపములు వెలిగి, ఏ తంతి మీటితిమో, అది హెచ్చియున్నదో తగ్గియున్నదో చూపును. నడిమి దీపము వెలిగినచో శ్రుతి కుదిరినట్లు. మరల నొక్కిన పాట సాగును. సభవారికి ఏమియు వినబడదు.

ఈ పని చేయు సాధనములు మరి రెండు కలవు. చేతిఫోనులో దించుకొను శ్రుతియంత్రము మొదటిది. అది గాలిలోని ధ్వనిని వినును గనుక ఒంటరిగా గదిలో కూర్చున్నప్పుడు చక్కగా పనిచేయును, సందడిలో తికమకపడును. గిటారు తలకు పట్టుకారువలె తగిలించు క్లిప్పు రెండవది. అది కొయ్యలోని కంపమును గ్రహించును. వెల తక్కువ, ఇంటిలో నేర్చుకొను పిల్లకు అది చాలును, పెడలు అక్కరలేదు. పెడలైనచో తంతి పుట్టించిన విద్యుత్తునే నేరుగా గ్రహించును గనుక చుట్టుప్రక్కల గోలతో దానికి పనిలేదు. వేదిక యెక్కు పిల్లకు మాత్రమే అది ముఖ్యము.

అంగడిలో పెడలులు పలువిధములు. ప్రకటనలలో మొదట కనుపించునది సూక్ష్మత. దానిని సెంట్లలో చెప్పుదురు. ఒక స్థాయిని 1200 సమభాగములు చేసినచో ఒక్కొక్క భాగము ఒక సెంటు. ఈ కొలతను 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ అను ఆంగ్లపండితుడు వాడుకలోనికి తెచ్చెను. బాస్ కంపెనీవారి టీయూ-3 అను పెడలు 2010లో వచ్చినది. దాని సూక్ష్మత ఒక సెంటు. పీటర్సన్ కంపెనీవారి స్ట్రోబ్ జాతి పెడలులు సెంటులో పదియవ వంతు వరకు చూపును. 2010లోనే వచ్చిన టీసీ ఎలక్ట్రానిక్ వారి పాలీట్యూనులో వేరొక సౌకర్యము: ఆరు తంతులను ఒక్కసారి మీటినచో ఏది తప్పినదో చెప్పును. మనవంటివారి చెవికి ఐదారు సెంట్ల లోపు భేదము తెలియుట అరుదు. తంతిని కాస్త గట్టిగా మీటినను, మెట్టుపై వ్రేలు కాస్త గట్టిగా నొక్కినను అంతకంటె నెక్కువ భేదము రావచ్చును. కావున పాటల నడుమ సరిచేసికొను పిల్లకు ఒక సెంటు సూక్ష్మత చాలును; పదియవ వంతు కొరకు ప్రాకులాడనక్కరలేదు. గిటారుల మెట్లు సరిచేయు పనివారికి అది యావశ్యకము.

సూక్ష్మతకంటె ముందు చూడవలసినవి నాలుగు. నిలుచున్న పిల్ల కంటికి, నేలమీది దీపములు చీకటిలోను, పగటియెండలోను స్పష్టముగా తెలియవలయును. లావు తంతి నెమ్మదిగా కంపించును గనుక దానిని గుర్తించుట కష్టము. నాసిరకపు యంత్రము ఆ తంతికడనే అటునిటు ఊగులాడును. కొనుటకు ముందు దానినే మీటి చూడవలయును. పెట్టె గట్టిదై, కాలి త్రొక్కుడునకు తట్టుకొనవలయును. చివరిది విద్యుత్తు: ఇవి సామాన్యముగా 9 వోల్టులతో పనిచేయును, ఐతే దూర్చు మొనలో ధనధ్రువము వెలుపలను, ఋణధ్రువము నడుమను ఉండును. ఇంటిలోని పాత అడాప్టరులలో అనేకములు దీనికి తలక్రిందులు. చూడక తగిలించినచో పెడలు చెడిపోవచ్చును.

మరియొక సంగతి దుకాణదారులు పెద్ద మాటలతో చెప్పుదురు. కొన్ని పెడలులు నొక్కనప్పుడు ధ్వనిని ఏమియు తాకక నేరుగా పోనిచ్చును. దానిని ట్రూ బైపాస్ అందురు. కొన్నింటిలో బఫరు అను భాగముండి ధ్వనికి బలమిచ్చి పంపును. గిటారునుండి పెట్టె వరకు తీగ పొడవైన కొలది పైస్వరముల మెరుగు మాసిపోవును. బఫరు ఆ నష్టమును చాలవరకు ఆపును. పొట్టితీగతో ఇంటిలో వాయించువారికి ఈ భేదము లెక్కలోనిది కాదు. మా పిల్ల తీగ పొడవైనది గనుక బఫరు గలది, దీపములు ప్రకాశముగా నున్నది ఎన్నుకొంటిమి. ఖరీదు ఒక మోస్తరు పట్టుచీర వెల. ఆ సంవత్సరము పండుగకు నా చీర మానుకొంటిని. అందువలన నాకు ఏ కొరతయు కలుగలేదు.

ఇక మా అత్తగారి ప్రశ్న. పెడలు వచ్చిన వారమునకే ఇంటిలో నిజమైన తగవు పుట్టినది. పిల్ల దీపము ప్రకారము ఆరు తంతులను కుదిర్చి, ఈ స్వరము ఆధారముగా గల మేళనమును మీటినది. అందలి గాంధారము నా చెవికి ఎక్కువైనట్లు తోచినది. మా అత్తగారును "గాంధారము పైకి పోయినది" అనిరి. యంత్రము మాత్రము సరియేయని పచ్చదీపము వెలిగించుచున్నది. ఎవరి మాట నిజము?

ఇరువురిదియు నిజమే. తంబురను మీటినప్పుడు మంద్రషడ్జపు తంతినుండి తానుగా వినవచ్చు స్వయంభూగాంధారము షడ్జమునకు 386 సెంట్ల యెడములో నుండును. మన అంతరగాంధారము విని పెరిగిన చెవి దానినే కోరును. గిటారు మెట్లు స్థాయిని పండ్రెండు సమభాగములు చేసి అమర్చినవి గనుక అందు గాంధారము 400 సెంట్లు. పదునాలుగు సెంట్లు హెచ్చు. చెవి గల వారికి స్పష్టముగా తెలియును. పంచమములో మాత్రము భేదము రెండు సెంట్లే. పిల్ల మా మాట విని జి తంతిని కొంచెము దించినది. ఆ మేళనము తేనెవలె పలికినది. వెంటనే జి స్వరము ఆధారముగా గల మేళనమును మీటగా అది పులిసిపోయినది. ఏలయన దాని షడ్జమే క్రిందికి పోయినది.

మన సంగీతములో షడ్జ మొక్కటే. కచేరీ ముగియు వరకు అది కదలదు. కావున ప్రతి స్వరమును దానితో ముడివేసి శుద్ధముగా నుంచుకొనవచ్చును. మెట్టు స్థిరమైనను, తంతిని లాగి కావలసిన చోట నిలుపుకొను స్వాతంత్ర్యము వీణకు కలదు. గిటారువారి పాటలో క్షణక్షణమును ఆధారస్వరము మారుచుండును. ఒక స్వరమునకు పూర్తి న్యాయము చేసినచో మరియొక దానికి అన్యాయము జరుగును. అందుచేత అన్నియు తలా కొంచెము వదలుకొని ఉమ్మడికాపురము చేయుచున్నవి. యంత్రము చూపునది ఆ యొడంబడిక. ప్రక్కన కీబోర్డు వాయించు పిల్లయు అదే యొడంబడికలో నున్నది. మనము మన చెవి మాత్రమే విని జి తంతిని దించినచో బృందమంతయు చెడును.

ఇది చెప్పగా మా అత్తగారు కొంతసేపు ఊరకుండి, "ఐనచో అది చెవికి బదులు కాదు, పదిమందిలో మాట నిలుపుకొనుటకు సాక్షి" అనిరి. అప్పటినుండి మా యింట ఒక నియమ మేర్పడినది. ఇంటిలో సాధన చేయునప్పుడు పిల్ల మొదట ఒక తంతిని మాత్రమే పెడలుతో కుదుర్చుకొని, తక్కిన ఐదింటిని చెవితో చేసికొనును. పిదప పెడలును నొక్కి సరిచూచుకొనును. మొదటి మాసములో రెండు మూడు తంతులు తప్పెడివి. ఇప్పుడు తరచుగా ఒక్కటియు తప్పుట లేదు. వేదికమీద మాత్రము పెడలుతోనే చేయును, అక్కడ పరీక్షలకు వేళ గాదు. ఆమె మరల వాయించుచున్నది. వేదికపై ఇప్పుడు శ్రుతిచేయుట కెనిమిది పది సెకండ్లు పట్టును. ఆ వ్యవధిలో ఆమె శ్రోతలతో రెండు మాటలు కూడ చెప్పగలుగుచున్నది.

కొన్నవారికి పనికివచ్చు సూచనలు కొన్ని. గిటారు ధ్వనిబిరడను పూర్తిగా తిప్పి, మెడవైపు అయస్కాంతమును ఎన్నుకొని, తంతిని మెత్తగా మీటవలయును. శ్రుతి హెచ్చినచో తంతిని బాగుగా దించి, క్రిందనుండి పైకి తెచ్చి నిలుపవలయును; పైనుండి దించి నిలిపినది సడలును. ధ్వనిని మార్చు ఇతర పెడలు లున్నచో శ్రుతిపెడలును వానికంటె ముందుంచవలయును. ఏ స్వరమునకు 440 కంపనములను ప్రమాణము 1939లో లండను సమావేశమున సూచింపబడి, 1955లో అంతర్జాతీయ ప్రమాణసంస్థవారిచే స్వీకరింపబడినది. పెడలుమీద ఆ సంఖ్యను మార్చు మీటయు నుండును గనుక, అప్పుడప్పుడు చూచుకొనవలయును. సంఖ్య 442 అయి యున్నచో దీపములన్నియు సరిగా వెలిగినను గిటారు బృందముతో కలియదు.

కరెంటుతో పలుకు వాద్యము మన సంగీతమునకు తగదను శంక యున్న పెద్దలకు, పాలకొల్లులో 1969లో జన్మించి, విద్యున్మాండొలినుపై కర్ణాటక సంగీతమును దేశదేశముల వినిపించి, 2014లో కీర్తిశేషులైన ఉప్పలపు శ్రీనివాసుగారిని జ్ఞాపకము చేయుట చాలును. వాద్య మేదైనను శ్రుతి తప్పనిది. మన ఆడపిల్ల పదిమంది యెదుట నిలిచి వాయింప సాహసించినప్పుడు ఆమెకు కావలసినది ఏదో తెలిసికొని సమకూర్చుట మన వంతు. శ్రుతిజ్ఞానమును చెవిలో నిలుపుట నిత్యసాధన వంతు. ఈ రెంటిలో దేనిని రెండవదానికి బదులుగా ఇయ్యరాదని నా మనవి.