తాతగారి చేయి

మా ఊరు బొబ్బిలికి నాలుగు క్రోసుల దూరముననున్న చిన్న పల్లె. నాడది శ్రీకాకుళము జిల్లాలోనిది. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. రామాలయమున కెదురిల్లు మా తాతగారిది. పగలెల్ల పొలములోనుండి, సాయంకాలము స్నానము చేసి, గుడిలో దీపము వెలిగించి, భజన నడిపి, ఇంటికి వచ్చి వీణముందు కూర్చుండుట ఆయన దినచర్య. ఇంటివారందఱు చేరినగాని రాత్రి విస్తరిముందు కూర్చుండెడివారు కారు. భక్తులు గనుక మెత్తనివారని తలంపకుడు. పొడుముడబ్బీ కనబడకున్న ఇల్లంతయు అదరగొట్టెడివారు.

మీలో వీణను చేరువనుండి చూడనివారుందురు గనుక రెండు మాటలు చెప్పెదను. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో ఒకే పనసమానును తొలిచి, కుండయు దండియు అతుకులేకుండ చెక్కుదురు. దానిని ఏకాండి వీణ యందురు. దండిపై మైనము పఱచి, ఇరువదినాలుగు మెట్లు నిలిపి, ఏడు తంత్రులు బిగింతురు. నాలుగు వాయించుటకు, మూడు తాళమునకు. తాతగారి వీణ యట్టిదే. బండి కుదుపునకు చెడునని గొల్లపల్లినుండి దానిని ఒడిలో పెట్టుకొని తెచ్చిరట.

పడుచుతనమున ఆయన విజయనగరము పోయి ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ వినిరి. 1919లో అచట సంగీత కళాశాల వెలసి, దాసుగారే దానికి తొలి ప్రిన్సిపాలైరి. అందు చేరవలెనని తాతగారు మూట కట్టుకొనిరి. ఆ యేడే వారి తండ్రిగారు గతించిరి. ఇంట తల్లి, పెండ్లి కావలసిన చెల్లెండ్రిద్దఱు, ఆఱేండ్ల తమ్ముడు. తాతగారు మూట విప్పివైచిరి. పొరుగూరి వైణికునొద్దకు రాత్రులు నడచిపోయి నేర్చుకొనిరి. రెండవ చెల్లెలి పెండ్లికి వీణను తాకట్టుపెట్టి, మూడేండ్లకు విడిపించుకొనిరని నాయనమ్మ చెప్పెడిది. ఆయన నోట ఆ మాట నేనెన్నడును వినలేదు. ఎవరైన విజయనగరము మాట యెత్తిన మాత్రము విసుగుకొని లేచిపోయెడివారు.

నాకు పదేండ్ల ప్రాయమున ఆయనకు వినికిడి తగ్గసాగెను. మేమే గొంతు తగ్గించి మాటాడుచున్నామని తొలుత మాపై కోపపడెడివారు. భజనలో తాళము తప్పసాగెను. ఊరివారు గౌరవముచే ఊరకుండి, ఆ తప్పు తాళమునకే తమ పాటను సరిపుచ్చుకొనిరి. ఒక శనివారము తాతగారు పాడుచు పాడుచు ఎదుటివారి పెదవులు చూచిరి. తన చేయి ఒక దారిని, వారి పెదవులు ఒక దారిని పోవుచుండెను. మాటాడక చిడతలు ప్రక్కనున్న పడుచువాని చేతికిచ్చి, స్తంభమున కానుకొని కూర్చుండిరి. నాటినుండి దినమును భజనకు వచ్చిరిగాని చిడతలు ముట్టలేదు. "వినబడని భజనకు పోనేల?" అని మా నాయనగారు చెవిచెంత గట్టిగా అడుగగా, "వినువాడు వేఱే యున్నాడుగదా" అనిరి.

ఆ యేడే నాకు వీణ నేర్ప నారంభించిరి. వినబడని గురువు నేర్పుట యెట్లని మీరనుకొనవచ్చును. ఆయన నాకెదురుగా కూర్చుండి, ఎడమచేయి కుండపై ఆనించి, కన్నులు మూసికొనెడివారు. మాయామాళవగౌళ రాగమున సరళీవరుసలు. ఒక్కొక్క వరుసను మూడు కాలములలో వాయింపవలెను. అది ఆయన కట్టడి. ఒకనాటి సాయంకాలము తోడివారు వీథిలో బిళ్ళంగోడు ఆడుచు నన్ను పిలుచుచుండిరి. నేను రెండవ కాలము ముగించి, మూడవ కాలమునకు బదులు చేతికందిన మెట్లపై ఏదో మీటి, తాళపు తంత్రులు ఝల్లుమనిపించి లేచితిని. వినబడనివారి కేమి తెలియునని నా తలంపు.

తాతగారు కుండపైనుండి చేయి తీయలేదు. కొంతసేపటికి కన్నులు తెఱచి, "మూడవ కాలము వాయింపలేదు నాయనా. ఆటకు పోవలెనా? పోయిరమ్ము. వచ్చి వాయింతువుగాని" అనిరి. కోపపడియున్న బాగుండెడిది.

నేను పోలేదు. ఎట్లు తెలిసినదని సైగచేసి యడిగితిని. ఆయన నా చెవులలో దూది క్రుక్కి, నా అరచేతిని కుండపైనుంచి, తాము మీటిరి. లోతైన స్వరమిచ్చు అనుమంద్ర తంత్రికి అరచేయి యంతయు బరువుగా వణకెను. సన్నని సారణి తంత్రికి వ్రేళ్ళకొసల చీమలు ప్రాకినట్లుండెను. మూడు కాలములును మీటి చూపిరి. మూడవ కాలమున ఆ చీమలు వరుస తప్పక పరుగిడినవి.

నేను వైణికుడను గాలేదు. నాకబ్బినది ఆ వరుసలును, నాలుగు గీతములును మాత్రమే. పండిత శిక్షణ పొంది బడిపంతులనైతిని. అది వేఱు సంగతి.

1975 సంక్రాంతి దాటినపిమ్మట తాతగారు మంచము పట్టిరి. ఆ చెల్లెండ్రిద్దఱును, ఆ తమ్ముడును, వారి బిడ్డలును వచ్చి యిల్లు నిండెను. ఒకనాడు దీపములు పెట్టువేళ, "భజన జరుగుచున్నదా?" అని యడిగిరి. జరుగుచున్నదని నాయనమ్మ తలయూచెను. తరువాత ఆయన వీణవైపు చూచిరి. నాయనగారును నేనును దానిని తెచ్చి, మంచమును చేర్చివేసిన బల్లపై నుంచితిమి. నేను బల్లపైననే కూర్చుంటిని. నాయనమ్మ ఆయన చేతిని కుండపైనుంచి, జాఱకుండ పట్టుకొనెను. నాకు వచ్చినవి ఆ వరుసలే. మూడు కాలములును వాయించితిని.