గచ్చు కింద

స్నానాలగదిలో నీళ్ళు పోవడం మానేసి రెండు రోజులైంది. పోకపోవడం ఒక్కటే అయితే సర్దుకునేవాళ్ళం. వంటింట్లో తొట్టి ఖాళీ చేసినప్పుడల్లా స్నానాలగది జాలీలోంచి ఎవరో హుక్కా పీలుస్తున్నట్టు గుడగుడమని చప్పుడు. మూడోరోజు పొద్దున ఆ చప్పుడుతోపాటు వాసన కూడా వచ్చింది. "ఇంటికి చుట్టాలొచ్చే లోపల దీని సంగతి చూడండి" అని మా ఆవిడ ఆజ్ఞ.

మా ఇల్లు నాచారంలో. 2003లో కట్టుకున్నాం. అప్పటికి మా సందులో మురుగు పైపు లేదు కనుక అందరిలాగే మేమూ వాకిట్లో సెప్టిక్ ట్యాంకు తవ్వించుకుని, పైన గచ్చు చేసి, ఆ గచ్చు మీద ముగ్గులు పెట్టుకుంటూ కాలం గడిపాం. 2007లో ఉప్పల్ కలాన్, కాప్రా మునిసిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. ఆ తరవాత కొన్నేళ్ళకు సందులోకి పైపూ వచ్చింది. అయితే ఈలోగా పాత సిమెంటు రోడ్డు మీదే కొత్త రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు వేసుకుంటూ పోయారు. వీధి ఎదిగింది, మా ఇల్లు ఎదగలేదు. ఇప్పుడు మా మురుగు గొట్టం వీధి మ్యాన్‌హోలు కన్నా జానెడు కిందికి ఉంది. నీరు పల్లమెరుగును గానీ మెట్టనెరగదు కదా. చుట్టుపక్కల వాళ్ళందరూ పైపుకు కలుపుకున్నా, మాకు మాత్రం ఆ ట్యాంకే గతి.

ట్యాంకు అంటే అదేదో మురుగును దాచిపెట్టే గుంట అని చాలాకాలం అనుకున్నాను. కాదు, అది ఒక రకం జీర్ణకోశం. బరువైనది అడుక్కు దిగి బురదవుతుంది. నూనె, నురుగు పైకి తేలి తెట్టు కడుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న నీరు మాత్రమే టీ ఆకారపు గొట్టంలోంచి రెండో గదిలోకి, అక్కడి నుంచి ఇంకుడు గుంటలోకి పోవాలి. గాలి సోకని చోట బతికే సూక్ష్మజీవులు అడుగు బురదను తింటూ ఉంటాయి. ఫ్రాన్సులో లూయీ మూరాస్ అనే ఆయన ఇలాంటిది కట్టి 1881లో పేటెంటు పుచ్చుకున్నాడు. ఇంగ్లండులో ఎక్సెటర్ నగర సర్వేయరు డొనాల్డ్ కామెరాన్ 1895లో తన ట్యాంకుకు సెప్టిక్ అని పేరు పెట్టాడు. సూక్ష్మజీవులు ఎంత తిన్నా కొంత మిగులుతుంది. దాన్ని రెండు మూడేళ్ళకోసారి తోడించాలి. నేను తోడించి ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకుని మా ఆవిడకు చెప్పలేదు.

మా వైపు ఇంకో చిక్కుంది. పైన నాలుగడుగుల మొరం, దాని కింద గ్రానైటు రాయి. ఇంకుడు గుంట ఇంకించుకోవాలంటే మట్టి ఉండాలి కదా! ఎండాకాలం ఎలాగో నెట్టుకొస్తుంది, వానాకాలం చేతులెత్తేస్తుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు చెరువులైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి మా ట్యాంకులోకి వీధిలోని నీరు, వండ్రు కూడా చేరాయి. అడుగు బురద అంత గట్టిపడడానికి ఆ వండ్రూ ఒక కారణమని ఇప్పుడనిపిస్తోంది.

ఆ సాయంత్రం టెక్సాసు నుంచి మా బావమరిది ఫోను చేశాడు. ఈ మధ్యే అతను ట్రావెల్ ట్రైలర్ అని ఒకటి కొన్నాడు. బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లు అది. వంటిల్లు, పడక, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. కింద రెండు మురుగు ట్యాంకులు. స్నానం నీళ్ళకు ఒకటి, దాన్ని గ్రే అంటారు. మరుగుదొడ్డికి ఇంకొకటి, అది బ్లాక్. మా గోడు చెప్పుకుంటే పకపకా నవ్వి, "బావగారూ, సరిగ్గా పోయిన వారం నాకూ ఇదే గొడవ" అన్నాడు. అతని రెండో ట్యాంకు ఎంత ఖాళీ చేసినా గోడకున్న మీటరు మూడింట రెండు వంతులు నిండి ఉందనే చూపిస్తుందట.

"అది అబద్ధమండీ. లోపలి సెన్సరుకు కాగితం అంటుకుంటే అలాగే చెబుతుంది. అసలు తప్పు నాది. వాల్వు తెరిచే ఉంచాను. నీళ్ళు ఎప్పటికప్పుడు జారిపోయి, గట్టిది మాత్రం దొడ్డి కింద గోపురంలా పేరుకుపోయింది. వాల్వు మూసిపెట్టి, ట్యాంకు మూడింట రెండు వంతులైనా నిండాక, ఒక్కసారిగా వదలాలి. ముందు బ్లాకు, ఆ తరవాత గ్రే. అప్పుడు సబ్బునీళ్ళతో గొట్టం కూడా కడిగినట్టవుతుంది" అని పాఠం చెప్పాడు.

"మరి గోపురాన్ని ఎలా పడగొట్టావు?"

"నిండా నీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చాను. మర్నాడు డంప్ స్టేషనుకు తీసుకెళ్ళాను. దారి కుదుపులకు చాలామటుకు అదే విడిపోయింది. చేతులకు తొడుగులేసుకుని గొట్టం బిగించి వదిలాను."

"నువ్వేనా?"

"మరెవరు చేస్తారు బావగారూ?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. అతను వెంటనే మాట మార్చి, "మీ ఇంట్లో గుడగుడమంటోందంటే ముందు గాలిగొట్టం చూసుకోండి. గాలి వెళ్ళే దారి లేకపోతే నీళ్ళూ వెళ్ళవు" అని చెప్పి పెట్టేశాడు.

మర్నాడు ట్యాంకరు లారీ వచ్చింది. డ్రైవరు, ఒక కుర్రవాడు. మూత రెండూ కలిసి లేపారు. లావుపాటి గొట్టం దించితే నీళ్ళు వచ్చాయి, ఆ తరవాత గొట్టం ఊరికే రొప్పడం మొదలుపెట్టింది. కుర్రవాడు వెదురుకర్రతో పొడిచి చూసి అన్నాడు: "అడుగంత గట్టిగయింది సార్, పైపుకు రాదు. లోపలికి దిగి గడ్డపారతోటి కదపాలె. ఐదొందలు ఎక్కువైతయి." అంటూనే చొక్కా విప్పి మా ప్రహరీ మీద ఆరేశాడు.

నిజం చెప్పాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన, ఐదొందలు ఎక్కువేమో, మూడొందలకు ఒప్పుకుంటాడేమో అని.

ఇదివరకు 2009లో తోడించినప్పుడూ ఒక మనిషి దిగాడు. నేనే దగ్గరుండి బకెట్టు అందించాను. అతను పైకొచ్చాక కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాను, దూరం నుంచి. అతని పేరేమిటో అడిగిన జ్ఞాపకం లేదు. ఏమీ కాలేదు కనుక మరచిపోయాను. అయుంటే ఏమయ్యేదో ఆ తరవాత చదివి తెలుసుకున్నాను. అడుగు బురదను కదిపితే అందులో ఇమిడి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడు ఒక్కసారిగా పైకి వస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టడమే మానేస్తుంది. వాసన పోయింది, ఇక భయం లేదు అనుకున్న క్షణమే ప్రమాదం. రెండు మూడు ఊపిరులకే మనిషి కూలిపోవచ్చు. దీపం దించి చూడడం పాతబావులకు పనికొస్తుందేమో గానీ ఇక్కడ మీథేను ఉంటుంది, అంటుకుంటుంది. పడ్డవాడిని లాగుదామని దిగిన రెండోవాడు, వాడి కోసం మూడోవాడు. ఇలాంటి ఇరుకు చోట్ల పోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికాలోని నియోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది. మన దినపత్రికల్లో ఇలాంటి వార్త లోపలి పేజీలో నాలుగు వాక్యాల్లో వస్తుంది.

చట్టం లేక కాదు. 1993లో ఒకటి వచ్చింది. సరిపోలేదని 2013లో ఇంకొకటి తెచ్చారు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపితే మొదటి తప్పుకే రెండేళ్ళ జైలు, రెండు లక్షల జరిమానా దాకా పడవచ్చు. అది గుత్తేదారుకే కాదు, నాలాంటి ఇంటి యజమానికీ వర్తిస్తుంది. 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ 2014 తీర్పు సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలోనిది. దాన్ని నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పారిశుధ్య పనివారి ఇంట పుట్టారు, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ, ఆ కుర్రవాడు చొక్కా విప్పుతుంటే నేను రేటు గురించి ఆలోచించాను.

"దిగొద్దు" అన్నాను.

"ఏం గాదు సార్, మస్తుసార్లు దిగిన."

"అందుకే వద్దంటున్నాను. నీళ్ళు పోద్దాం. రేపు మళ్ళీ రండి."

డ్రైవరు విసుక్కున్నాడు. రెండో ట్రిప్పుకూ పూర్తి డబ్బులే అన్నాడు. సరేనన్నాను. ఐదొందలు మిగుల్చుకోబోయి రెండువేలు వదిలించుకున్నాడని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

వాళ్ళు వెళ్ళాక బోరు నీళ్ళు గొట్టంతో ట్యాంకులోకి వదిలి, మూతలు పెట్టి, పిల్లలు అటు పోకుండా మంచాలు అడ్డం వేశాం. అప్పుడు గుర్తొచ్చింది గాలిగొట్టం. డాబా ఎక్కి చూస్తే దాని నెత్తిన జాలీకి కందిరీగలు మట్టిగూడు కట్టి బిరడా బిగించినట్టు మూసేశాయి. పుల్లతో రాలగొట్టగానే కింద స్నానాలగదిలోంచి "పోతున్నాయి, పోతున్నాయి" అని మా ఆవిడ కేక. ముందే ఆ పని చేసుంటే ట్యాంకరు రాకుండా ఇంకో ఏడాది గడిచేదేమో. గడవకపోవడమే మంచిదయింది.

మర్నాడు బురద జావలా అయింది. ఇద్దరూ మూతికి ఆమడదూరంలో నిలబడి పొడవాటి వెదుళ్ళతో కలుపుతూ, నీళ్ళు జోరుగా కొడుతూ, ముప్పాతిక గంటలో తోడేశారు. టీ గొట్టం దగ్గర ఒక పాత లుంగీ ముక్క, తడిరుమాళ్ళ ముద్ద దొరికాయి. అడుగున కొద్దిగా బురద వదిలేయమన్నాను, సూక్ష్మజీవులకు విత్తనంగా. కుర్రవాడు నావైపు అదోలా చూశాడు.

వెళ్ళేటప్పుడు అతను మొహం ముడుచుకునే ఉన్నాడు. "నా ఐదొందలు పోయినయి గద సార్" అన్నాడు. నేను పెద్ద మేలు చేశానన్న ఊహలో ఉన్నాను గానీ అతని లెక్కలో అది ఒక పూట కూలి నష్టం. ఆ డబ్బు ఇచ్చాను. పేరడిగాను. చెప్పాడు, ఎందుకడిగానా అని కొంచెం అనుమానంగానే.

"ఇదంతా ఎక్కడ పోస్తారు?" అని డ్రైవరునడిగాను. ఉప్పల్ నల్లచెరువు దగ్గర రోజుకు 3 కోట్ల లీటర్లు శుద్ధి చేసేలా కట్టిన ప్లాంటు ఉంది, అవతల నాగోలులో అంతకన్నా చాలా పెద్దది. అలాంటి చోటికే తీసుకుపోవాలి, మూసీలోకో నాలాలోకో వదలకూడదు. "పోస్తం సార్, ఆడనే" అన్నాడు. ఆడనే అంటే ఎక్కడో చెప్పకుండా లారీ కదిలించాడు. వీధి మలుపు దాకా చూశాను. అక్కడ ఎడమకు తిరిగిందో కుడికి తిరిగిందో చెట్టు అడ్డమొచ్చింది.

రాత్రి బావమరిది మళ్ళీ ఫోను చేశాడు. గాలిగొట్టం మాట నిజమైందని చెప్పాను. కుర్రవాడి సంగతి కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, తన మీటరు ఇంకా మూడింట రెండు వంతులే చూపిస్తోందని చెప్పాడు.