బుజ్జి ఎందుకు ఏడుస్తోంది?

గత ఏడాది డిసెంబరు దాకా మా ఇంట్లో అన్నింటికంటే పెద్ద చప్పుడు ప్రెషర్ కుక్కర్ విజిల్‌దే. ఆ తర్వాత బుజ్జి వచ్చింది.

బుజ్జి మా అక్క కూతురు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి అక్క మా దగ్గరికి వచ్చింది. పుట్టిల్లంటే మాకు సొంత ఊరు కాదు, నాన్నగారి ఉద్యోగం ఎక్కడుంటే అదే. ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో రెండు గదుల రైల్వే క్వార్టర్. సాయానికి పలాస నుంచి అమ్మమ్మ కూడా రైలెక్కి వచ్చేసింది. నేనప్పుడు పదవ తరగతి. జనవరిలో ప్రీ-బోర్డు పరీక్షలు.

మొదటి రెండు వారాలు బుజ్జికి పాలు తాగడం, నిద్రపోవడం తప్ప వేరే పని లేదు. "ఎంత బుద్ధిమంతురాలో!" అని అందరం మురిసిపోయాం. మూడో వారం నుంచి సాయంత్రం ఆరయ్యేసరికి ఏడుపు మొదలయ్యేది. ముఖం ఎర్రబడేది, పిడికిళ్ళు బిగుసుకునేవి, కాళ్ళు పొట్ట మీదికి ముడుచుకునేది. అంత ఏడ్చినా కంట చుక్క నీరు లేదు. "దొంగ ఏడుపు" అన్నాను నేను. పుట్టిన కొద్ది వారాల దాకా పసిపిల్లలకు కన్నీళ్ళు బయటికి కారవని నాకప్పుడు తెలియదు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో వైద్యం. అమ్మమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసేది. నాన్న గిలక ఆడించేవారు. పక్కింటి బెంగాలీ కాకీమా గ్రైప్ వాటర్ సీసా తెచ్చి ఇచ్చారు. "పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు పడదామా?" అనేది అమ్మ. ఆ మాట విన్నప్పుడల్లా అక్క తల దించుకునేది. నేను చూశాను కానీ పట్టించుకోలేదు.

ఒక సాయంత్రం అమ్మ, అమ్మమ్మ బజారుకు వెళ్ళారు. రెండు రాత్రులుగా కన్ను మూయని అక్క లోపలి గదిలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. మర్నాడు నాకు గణితం పరీక్ష. బుజ్జి ఏడుపు అందుకుంది. అరగంట క్రితమే పాలు తాగింది. తడి గుడ్డ మార్చాను. ఎత్తుకున్నాను. వచ్చిన పాటలన్నీ పాడాను. ఆగలేదు. చివరికి "ఊరుకో!" అని అరిచాను. ఉలిక్కిపడి ఇంకా గట్టిగా ఏడ్చింది. తన చంకల కింద నా చేతులు బిగుసుకున్నాయి. ఒక్కసారి గట్టిగా ఊపేస్తే ఆగుతుందేమో అనిపించింది.

ఈ మాట పత్రికలో రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. కానీ అది నిజంగానే అనిపించింది. వెంటనే నా మీద నాకే భయం వేసింది. బుజ్జిని నేల మీద పరుపుపై వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు తీసి వరండాలోకి వెళ్ళిపోయాను. చలిలో నిలబడి వంద దాకా లెక్కపెట్టాను. ఏడుస్తున్న పిల్లను వదిలి వచ్చానన్న సిగ్గు ఒకవైపు.

తిరిగి లోపలికి వచ్చేసరికి అక్క లేచి బుజ్జిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. బుజ్జి ఊరుకుంది. అక్క మాత్రం ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. "నాకు పిల్లను పెంచడం చేతకాదేమోనే" అంది. మూడు వారాలుగా బుజ్జి ఎందుకు ఏడుస్తోందని ఇల్లంతా వెతికాం. అక్క ఎలా ఉందని ఒక్కరం అడగలేదు.

ఆరు వారాల టీకాలకు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. డాక్టరుగారు బుజ్జిని తూచి, బరువు చక్కగా పెరిగింది, పాలు సరిపోతున్నాయని అక్కతో చెప్పారు. ఆ ఒక్క మాటకు అక్క ముఖం తేటపడింది. చాలామంది పిల్లల్లో ఏడుపు రెండో నెలలో ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుందట. సాయంత్రాలే ఎక్కువ ఏడవడం కూడా మామూలేనట. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు, గ్రైప్ వాటర్ ఏవీ వద్దన్నారు. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దన్నారు.

నేను ధైర్యం చేసి ఆ సాయంత్రం సంగతి చెప్పాను. తిడతారనుకున్నాను. "మంచి పని చేశావు" అన్నారు. పసివాళ్ళ తల బరువు, మెడ బలహీనం. గట్టిగా ఊపితే మెదడులో రక్తస్రావం జరగవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కోపం వస్తే పిల్లను భద్రంగా పడుకోబెట్టి, కొన్ని నిమిషాలు పక్కకు వెళ్ళడమే సరైన పని అని చెప్పారు.

ఇంటికి వచ్చి నా రఫ్ నోటులో ఒక కాగితం చింపి గోడకు అంటించాను. ఆకలా? నోరు తిప్పి వెతకడం, చేతులు చప్పరించడం ఆకలికి మొదటి గుర్తులు, ఏడుపు చివరిది. గుడ్డ తడిసిందా? పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించామా? వేడా, చలా? చేతులు, కాళ్ళు కాదు, ఛాతీ, మెడ వెనక తాకి చూడాలి. నిద్ర ముంచుకొచ్చిందా? చుట్టూ జనం, వెలుతురు ఎక్కువయ్యాయా? వీటి కింద ఎర్ర సిరాతో రాశాను: 100.4 డిగ్రీల జ్వరం, పాలు తాగకపోవడం, మగతగా ఉండటం, ఆకుపచ్చ వాంతి, ఊపిరి కష్టంగా తీయడం, ఏడుపు తీరు మారిపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రి.

ఇవేవీ కాకపోయినా బుజ్జి కొన్నిసార్లు ఏడ్చేది. అప్పుడు అమ్మమ్మ గుండెకు హత్తుకుని వరండాలో అటూ ఇటూ నడిచేది. జపాన్‌లోని రైకెన్ పరిశోధకులు 2022లో ఇదే చెప్పారని తర్వాత చదివాను. ఏడ్చే పిల్లను ఎత్తుకుని ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చుని, అప్పుడు పడుకోబెట్టాలి. అమ్మమ్మకు చెబితే నవ్వింది. "జపాను దాకా ఎందుకే, నీ అమ్మను నాను అలాగే పెంచినాను" అంది. ఒక్కోరోజు కాకీమా వచ్చి తను ఎత్తుకునేవారు. అమ్మమ్మ తెలుగులో, కాకీమా బెంగాలీలో జోలపాడేవారు. బుజ్జి రెండింటికీ నిద్రపోయింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా బుజ్జి నాది, నిద్ర అక్కది అని ఒప్పందం చేసుకున్నాం. నా గణితం మార్కులు పెద్దగా పెరగలేదు, తగ్గలేదు కూడా. మార్చి చివరికి బుజ్జి సాయంత్రపు ఏడుపు దాదాపు మానేసింది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో పసిబిడ్డ ఉంటే, చూడటానికి వెళ్ళినప్పుడు సలహాలు చెప్పకండి. చేతులు శుభ్రంగా కడుక్కుని ఒక గంట బిడ్డను ఎత్తుకోండి. ఆ తల్లిని నిద్రపోమనండి.

— పదకొండవ తరగతి విద్యార్థిని