వెనక రాయని ఫొటో

వేలూరు లాంగ్ బజారు గడియార స్తంభం మీద ఒక పలక ఉంది. 1914-18 మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి 277 మంది వెళ్లారనీ, వారిలో 14 మంది ప్రాణాలిచ్చారనీ చెక్కారు. వాళ్లెవరో చెక్కలేదు.

కోటలోని ప్రభుత్వ మ్యూజియంకి వెళితే వీరగల్లులు కనిపిస్తాయి. ఈ ఉత్తర ఆర్కాటు సీమలో దొరికిన శాసన వీరగల్లుల్లో ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు, ఎవరు, ఏ మందను కాపాడబోయి పడిపోయారో రాసి ఉంటుంది. వెయ్యేళ్ల కిందటి పశువుల పోరుకు ఇన్ని వివరాలు మిగిలి, నిన్నమొన్నటి యుద్ధానికి ఒట్టి లెక్క మిగలడం నాకు బాధగా అనిపించింది.

యుద్ధకాలపు ఫొటోలు ఇక్కడి తెలుగిళ్లలో ఏమైనా ఉన్నాయేమో చూద్దామని గుడియాత్తం వెళ్లాం. మగ్గాల వీధిలో ఒక పెద్దావిడ ట్రంకుపెట్టెలోంచి గుడ్డలో చుట్టిన ఫొటో తీశారు. స్టూడియో తెర ముందు, కాళ్లకు సిపాయిల గుడ్డపట్టీలు చుట్టుకుని నిలబడ్డ కుర్రాడు. మొహం స్పష్టంగానే ఉంది. అంచుల్లో బూజు పట్టి, ఒక మూల ఒకప్పటి ఫ్రేము అద్దానికి అతుక్కుని ఊడిపోయింది.

"మా తాత. బస్రా బస్రా అని మా అవ్వ చెప్తా ఉండె నాయనా. అది ఏడుండాదో మాకేం తెలుసు?"

అడిగి తిప్పి చూశాను. వెనక ఖాళీ.

1915లో ఫ్రాన్స్‌లో భారత సైనికులను గిర్డ్‌వుడ్ అనే ఫొటోగ్రాఫరు తీసిన ఫొటోలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అక్కడ పటాలం పేరుంటుంది, మనిషి పేరు అరుదు. ఆ మనిషి పేరు చెప్పగలిగేది ఇలాంటి ఇళ్లే.

తిరుగుదారిలో ఒక చెరువులో పూడిక తీస్తున్నారు. నాతో వచ్చిన పుప్పొడి పరిశోధకురాలు బండి ఆపించి ట్రాక్టరు మట్టిని చేతిలోకి తీసుకున్నారు. పుప్పొడి రేణువు పైపొర చాలా గట్టిది. గాలి తగలని తడి బురదలో వేల ఏళ్లు నిలుస్తుంది. ఏ కాలంలో అడవి ఉందో, ఎప్పుడు నరికి పొలం చేశారో పొరపొరకూ రేణువులు లెక్కపెట్టి చెబుతారు. లెనార్ట్ వాన్ పోస్ట్ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతిని లోకం ముందు పెట్టింది 1916లో, ఆ యుద్ధం నడుస్తుండగానే. రేణువు ఏ మొక్కదో పోల్చుకోవడానికి పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేలాది స్లైడులున్నాయి. పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే పైయంపల్లి తవ్వకాల్లో మాడిన ఉలవలు, పెసలు దొరికాయి. అక్కడి ప్రాచీనులు ఏం తిన్నారో గింజ చెప్పింది. చుట్టూ ఏం మొలిచిందో చెప్పాల్సింది పుప్పొడి.

"కానీ ఈ మట్టి ఏ లోతుదో ఎవరు చెబుతారు? అది తెలియకపోతే ఇందులో పుప్పొడి ఉన్నా లేనట్టే" అంటూ ఆవిడ మట్టిని వదిలేశారు.

ఆ మాట ఫొటోకీ వర్తిస్తుంది. మీ ఇంట్లో యూనిఫాం వేసుకున్న తాతల ఫొటో ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడగండి. మెత్తటి పెన్సిలుతో వెనక అంచున పేరు, ఊరు, తెలిసినంతలో ఏడాది రాయండి. బాల్‌పెన్ను వద్దు, టేపు అసలొద్దు. అద్దానికి అంటుకుంటే పీకకండి. అలాగే ఫోనుతో ముందూ వెనకా తీసి, ఒక ప్రతి బంధువులకు పంపండి.