చెరువుకట్ట మీది పలారం

పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య, దగ్గర పడేసరికి తెలంగాణ మెట్ట ఊళ్లలో పెసర్లు ఇల్లు చేరతాయి. తొలకరికి విత్తినవి అరవై డెబ్బై రోజుల్లో కాయ నల్లబడి చేతికొస్తాయి. ఎండాకాలం పంటవో వానకాలం పంటవో నువ్వులు కూడా అప్పటికి ఇంట్లో ఉంటాయి. మక్క కంకుల్లో గింజ గట్టిపడుతుంది. వరి మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది, అది గాదెకు రావాలంటే కార్తీకం దాకా ఆగాలి. పూల పండుగ బతుకమ్మ సరిగ్గా ఈ సందులో వస్తుంది. మెట్ట పంట వచ్చింది, చెరువు నిండింది, వరి రాలేదు. తొమ్మిది రోజులు ఏ ఇంట్లో ఏం చేయాలన్నది ఈ మూడు సంగతులే తేల్చాయని నాకనిపిస్తుంది.

పూల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, చెప్పాల్సిందే కూడా. ఎవరూ నీళ్లు పోసి పెంచని తంగేడునూ, చేలో కలుపని పీకేసే గునుగునూ తెచ్చి, తాంబాళంలో వరసలు పేర్చి, వాటి మీద పసుపు గౌరమ్మను నిలిపిన ఆడవాళ్ల చూపు గొప్పది. 2014లో రాష్ట్రం వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. 2021 అక్టోబరులో దుబాయిలో బుర్జ్ ఖలీఫా మీద కూడా బతుకమ్మ వెలిగింది. చూసి మురిసినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ పూల పక్కనే మూత పెట్టిన గిన్నెలో నైవేద్యపు పలారం ఉంటుంది. అది ఫొటోలోకి రాదు. పాట లేకపోతే బతుకమ్మ లేదని అందరూ అంటారు. పలారం లేకపోయినా లేదని నేనంటాను. ఆట అయిపోయి బతుకమ్మను నీళ్లలో వదిలాక ఆడవాళ్లు కట్ట మీద కూర్చుని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకునేది దాన్నే. ఆ పెట్టుకోవడం దగ్గరే పండుగ పూర్తవుతుంది.

ఏ రోజు ఏం నైవేద్యమో పత్రికలు ఏటా ఒక వరస అచ్చువేస్తాయి. ఎంగిలిపూల నాడు నువ్వులు, బియ్యప్పిండి. అటుకుల బతుకమ్మ నాడు అటుకులు, బెల్లం, చప్పిడి పప్పు. ముద్దపప్పు నాడు పప్పు, పాలు, బెల్లం. నానబియ్యం నాడు నానేసిన బియ్యం, పాలు, బెల్లం. తర్వాత అట్లు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. ఎప్పుడో పూలకు మాంసం తగిలి అమ్మ అలిగిందని పెద్దవాళ్లు కథ చెబుతారు. ఆ కథ పుణ్యాన ఒక్క రోజైనా ఆడవాళ్లకు పొయ్యి దగ్గర సెలవు దొరకడం నాకు చాలా ఇష్టమైన సంగతి. ఏడో రోజు వేపకాయలు. వాటిలో వేప ఉండదు. బియ్యప్పిండి తడిపి, వేళ్లతో వేపకాయంత చేసి నూనెలో వేయిస్తారు. పండుగ వంటలో పిల్లల చేతికిచ్చే పని ఇదే, అందుకే ఒక్కో కాయ ఒక్కో తీరుగా ఉంటుంది. ఎనిమిదో రోజు నువ్వులు, బెల్లం, వెన్న కలిపిన ముద్దలు. తొమ్మిదో రోజు సద్దులు, అంటే ఐదు తీర్ల కలిపిన అన్నం.

ఈ వరస ఊరూరా ఇలాగే నడుస్తుందని అనుకోకూడదు. చాలా ఇళ్లలో నడిమి రోజుల్లో పల్లీలూ బెల్లమో, పుట్నాలూ చక్కెరో గిన్నెలో పోసుకుని కట్టకు పోతారు. పొద్దంతా చేన్ల పనిచేసి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, దొరికిన పూలు పేర్చుకుని వచ్చే మనిషికి అట్లు పోసే తీరిక ఉండదు. ఆమె తెచ్చిన పిడికెడు పల్లీలను కూడా అందరూ చెయ్యి చాపి తీసుకుంటారు. అచ్చయిన వరసలో ఈ సంగతి ఉండదు గానీ, నాకు తెలిసిన బతుకమ్మ ఇదే.

వేయించిన గింజలను దంచి తీపి కలిపే సత్తు దగ్గర మాత్రం ఎవరూ రాజీపడరు. మా చిన్నమ్మ నువ్వులతో మొదలుపెడుతుంది. ముందురోజే కడిగి, ఇసుక పోయేలా గాలించి, ఎండబోసి ఉంచుతుంది. ఇనుప మూకుడు, సన్న సెగ. మూకుట్లో పోశాక కాసేపు ఏమీ కాదు. తర్వాత ఒకటీ అరా ఎగురుతాయి, ఆ వెంటనే మొత్తం చిటపటమంటుంది. ఆ చప్పుడు జోరందుకోగానే దించి పళ్లెంలో పోస్తుంది, రంగు మారేదాకా చూడదు. దించాక కూడా నువ్వులు తమ వేడికే వేగుతుంటాయి, రంగు వచ్చేదాకా పొయ్యి మీద ఉంచితే చేదెక్కుతాయి. బాగా చల్లారాక రోట్లో పోస్తుంది. కొత్త చేతులు తడబడేది ఇక్కడే. “జల్ది జల్ది దంచకు బిడ్డా, నూనె ఎల్లిందంటే అది సత్తు కాదు, ముద్దయితది” అంటుంది. రోకలిని ఎత్తి వదలాలే తప్ప బలం పెట్టకూడదు. నువ్వు విరగాలి, నలిగిపోకూడదు. బెల్లం చివర్న వేసి రెండు పోట్లు వేస్తే చాలు. పిడికిట్లో పట్టి విప్పితే సత్తు వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా జారాలి, అరచేతికి సన్నగా మెరుపు మాత్రం అంటుకోవాలి.

పెసర సత్తు తీరు వేరు. పెసర్లను ఓపిగ్గా దోరగా వేయించాలి, పైన పచ్చగా కనబడుతున్నా లోపల వేగాలి. విసిరి, జల్లించి, చక్కెరో బెల్లమో కలిపి, కాచిన నెయ్యి పోసి చేత్తో రాస్తూ పోతే ఆ వాసన వాకిట్లోకి వస్తుంది. మక్కలతో, పల్లీలతో, బియ్యంతోనూ సత్తు చేస్తారు. కాల్చిన రొట్టెలను వేడి మీదే చేత్తో నలిపి బెల్లం, నెయ్యి కలిపితే మలీద. గోధుమ రొట్టెలతో చేసే ఇళ్లు ఎక్కువ, సజ్జ రొట్టెలతో చేసే ఇళ్లూ ఉన్నాయి. ఇదే మలీదను పీర్ల పండుగ నాడు పీర్ల ముందూ పెడతారు. రెండు పండుగలూ ఒకే వాకిట్లో పెరిగాయనడానికి ఇంతకంటే రుచికరమైన రుజువు నాకు దొరకలేదు.

రోలు లేదు గదా అని సత్తు మానేసినవాళ్లను పట్నంలో చూశాను. మానాల్సిన పని లేదు. మిక్సీలో ఒకేసారి తిప్పితే వేడికి నూనె ఊరుతుంది నిజమే. కొద్దికొద్దిగా పోసి, ఒక తిప్పు తిప్పి ఆపి, మూత తీసి కలిపి మళ్లీ ఒక తిప్పు తిప్పితే చక్కగా వస్తుంది. చిన్నమ్మకు కూడా ఇప్పుడు రోకలి ఎత్తే భుజాలు లేవు, ఆమె చేసేదీ అలాగే.

ఇక సద్దులు. ఇవాళ దేశంలో వరి ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందువల్ల ఐదు రకాల అన్నం పండుగ వంట ఎలా అయిందో ఇప్పటి పిల్లలకు అర్థం కావడం కష్టం. రెండు తరాల కిందట మెట్ట ఊళ్లలో నిత్యం తినేది జొన్న రొట్టె, జొన్న గటక, మక్క గటక. వరి అన్నం పండుగకో, చుట్టాలొచ్చినప్పుడో. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ లెక్క మారడం మొదలైంది. అంతకుముందు, ఏడాది మొత్తంలో అన్నం వండే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్న ఇళ్లలో, అదీ కొత్త వడ్లు రాకముందు, పాత బియ్యం అడుగంటిన కాలంలో, ఒక్క కుండెడు అన్నాన్ని ఐదు పాళ్లు చేసి ఐదు రుచులు పట్టించారు. పేదరికాన్ని నేను పొగడడం లేదు. ఉన్నది కొంచెమే అయినప్పుడు దాన్ని ఇంత ఘనంగా పెట్టిన మనుషుల మీద నాకు గౌరవం.

సాధారణంగా పెరుగు, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు అన్న ఐదూ చేస్తారు. ఇంటిని బట్టి ఒకటి మారుతుంది, పల్లీలదో బెల్లానిదో చేరుతుంది. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, నూనె రాయడం మొదటి పని. వేడి అన్నంలో కలిపితే ఏదైనా ముద్దవుతుంది. కొబ్బరి సద్దికి పచ్చి కొబ్బరీ వాడతారు, కొబ్బరి చెట్లు తక్కువైన ప్రాంతం కనుక కుడుకల తురుమూ వాడతారు. పెరుగు సద్దిలో పెరుగు కంటే పాలు ఎక్కువ పోయాలి, పొద్దున కలిపింది రాత్రి ఆటంతా అయ్యాక తినేటప్పటికి సరిగ్గా తోడుకుని ఉండాలి గదా. నువ్వుల సద్ది నా పాలిటికి వీటన్నిటికీ పెద్దది. వేయించిన నువ్వులు, ఎండు మిరపకాయలు, ఉప్పు కలిపి దంచిన పొడిని అన్నానికి పట్టించి, ఆవాలూ కరివేపాకూ పోపు పెడతారు. దేశంలో ఎన్నో చోట్ల పులిహోర ఉంది, పెరుగన్నం ఉంది. వాటి పక్కన ఈ నువ్వుల అన్నాన్ని అంత గౌరవంగా కూర్చోబెట్టడంలో మెట్ట పొలం వాసన ఉంది. ఐదూ ఒక పూట దాటి నిలిచేవే. అత్తారింటికి పోయే బిడ్డకు మూట కట్టినట్టే గౌరమ్మకూ కడతారు.

ఆ రాత్రి కట్ట మీద చూడాలి. బతుకమ్మ నీళ్ల మీద సాగిపోయాక ఆడవాళ్లు ముందే తీసి ఉంచుకున్న గౌరమ్మ పసుపును ఒకరికొకరు రాసుకుంటారు. తర్వాత గిన్నెల మూతలు తెరుచుకుంటాయి. ఒకామె కుడి చెయ్యి పెడుతుంటుంది, ఎడమ చెయ్యి కొంగు పట్టి ఇంకొకరిది తీసుకుంటుంది. నిమిషంలో ఎవరి సత్తు ఎవరిదో తెలియదు. నువ్వులది, పెసరది, మక్కది ఒకే కొంగులో కలిసిపోతాయి. పిల్లలు వేపకాయల కోసం గుంపుల మధ్య దూరుతుంటారు. ఇంటికి పోయాక కొంగులో మిగిలిన ఆ కలగలుపు పొడికి ఏ ఒక్క ఇంట్లోనూ చేయలేని రుచి ఉంటుంది.

అయితే ఈ పంపకాన్ని మరీ అందంగా చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఏ వాడ బతుకమ్మ ఆ వాడలోనే ఆడిన కాలం ఉంది, ఊరి కట్ట మీదికి దళిత ఆడవాళ్లను రానివ్వని చోట్లు ఉన్నాయి. అంతా పోయిందని ఇవాళ్టికీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేం. ఎవరి సత్తు ఎవరి అరచేతిలోకి వెళ్లింది, ఎవరు దాన్ని అక్కడికక్కడే నోట్లో వేసుకున్నారు, ఎవరు కొంగున కట్టి దారిలో వదిలేశారు అన్నది చూస్తే ఊరి సంగతి తెలిసిపోతుంది. కలిసి ఆడడం మొదటి మెట్టు. కలిసి తినడం దగ్గరే నేను లెక్క చూస్తాను.

ఇక పండుగకు పుట్టింటికి రావడమే పెళ్లయిన బిడ్డల ఆశ. వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజునే చేసేస్తారు. ముందు పుట్టింట్లో ఆడి, తర్వాత అత్తారింట్లోనూ ఆడుకునే వీలుంటుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు ఆ ఊరంటే ఒక ప్రేమ. తిథిని ఆడపిల్ల రాకపోకలకు తగ్గట్టు సర్దుకున్న ఊరది.

ఇప్పుడు సత్తు పొట్లాల్లో దొరుకుతోంది, సద్దులు ఆర్డరిస్తే ఇంటికొస్తున్నాయి. కొనుక్కునేవాళ్లను నేను తప్పుపట్టను, రోజంతా ఆఫీసులో పనిచేసిన మనిషికి పండుగ చేసుకునే హక్కు ఉంది. డాలస్‌లోనో లండన్‌లోనో పార్కులో ఆడేవాళ్లు దొరికిన పూలతో బతుకమ్మను పేరుస్తారు, సత్తు అమ్మ కట్టిచ్చిన డబ్బాలోంచే తీస్తారు. నా ఆశ ఇంకొకటి ఉంది. 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలైనప్పుడు సిరిసిల్ల మరమగ్గాలకు పని దొరికింది. పండుగ ఒక ఊరి చేతులకు కూడు పెట్టగలదని అప్పుడు చూశాం. అదే మేలు నువ్వులు, పెసర్లు పండించే రైతుకూ, వాటిని వేయించి దంచే మహిళా సంఘాలకూ జరగాలి. పొట్లం కొనేటప్పుడు ఈ పెసర్లు ఎక్కడివని ఒక్క మాట అడిగితే చాలు, దుకాణదారుడు వచ్చే ఏటికి జవాబు సిద్ధం చేసుకుంటాడు. నువ్వులు, పెసర్లు, పల్లీలు, బెల్లం: పిల్లలకు ఏం పెట్టాలని అంగన్‌వాడీ టీచర్‌ను అడిగినా ఈ పేర్లే చెబుతుంది. బడుల్లో బతుకమ్మ ఆడించే రోజున పిల్లల చేతుల్లో చాక్లెట్‌కు బదులు సత్తు పెట్టమని అడగడం పెద్ద కోరిక కాదు.

సద్దుల మర్నాటి నుంచే ఇల్లు దసరా పనిలో పడుతుంది. మాంసం, మసాలాల మాటలు మొదలవుతాయి. చిన్నమ్మ అంతకుముందే మిగిలిన సత్తును పాళ్లు వేసి పెడుతుంది. పట్నం పోయే బిడ్డకు ఒక డబ్బా, కోడలి తల్లిగారింటికి ఒకటి, ఈసారి సెలవు దొరక్క రాలేకపోయిన చిన్నదానికి అన్నిటికంటే పెద్దది. మూత చుట్టూ గుడ్డ కట్టి, పైన పేరు రాయమని పెన్ను నా చేతికిచ్చి అంటుంది: “ఆర్టీసీ కార్గోల ఏసి రాపో, రేపు పొద్దుగాల్లకు అందుతది.”