మా వాడి బరువు పట్టిక

మా ఇంటి బీరువా తలుపుకు లోపలివైపున ఒక గ్రాఫు కాగితం అంటించి ఉన్నది. అడ్డగీత మీద నెలలు, నిలువుగీత మీద కిలోలు. విద్యుత్ కేంద్రంలో మూడు దశాబ్దాలుగా బాయిలర్ల నిర్వహణ చూస్తున్న నాకు గ్రాఫులు గీయడం కొత్త కాదు. కాని నేను భయభక్తులతో గీసినది ఇదొక్కటే. అది మా చిన్నవాడి బరువు పట్టిక.

వాడు 2011లో పుట్టాడు. ఎంత తిన్నా ఒళ్ళు చేసేవాడు కాదు. దగ్గు విడిచేది కాదు. మా అమ్మ వాడి నుదుటిని ముద్దు పెట్టుకుని, "ఏమిట్రా, ఉప్పురాయి నాకినట్టుంది!" అని ఆశ్చర్యపోయేది. ఆ మాటను మేమెవ్వరమూ పట్టించుకోలేదు. ఒక వైద్యులు క్షయ అన్నారు, మరొకరు పోషకాహార లోపం అన్నారు. రెండేళ్ళు నిండిన తర్వాత చెమట పరీక్ష చేయిస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది. చెమటలో క్లోరైడు లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే ఈ వ్యాధిని సూచిస్తుంది. మా వాడికి 98 వచ్చింది.

ఇంజనీరు భాషలో చెప్పాలంటే ఇది ఒక వాల్వు లోపం. ఏడవ క్రోమోజోము మీద ఒక జన్యువు ఉన్నది. దానిని శాస్త్రజ్ఞులు 1989లో గుర్తించారు. కణాలలో క్లోరైడు రాకపోకలకు ద్వారాన్ని తయారుచేసేది అదే. తల్లి నుండి, తండ్రి నుండి వచ్చిన రెండు ప్రతులూ లోపం గలవైతే ఆ ద్వారం సరిగా పనిచేయదు. నీరు చాలక శ్లేష్మం చిక్కబడుతుంది. అది ఊపిరితిత్తులలో పేరుకుని సూక్ష్మజీవులకు ఆశ్రయమిస్తుంది. క్లోమం నుండి జీర్ణరసాలు వచ్చే దారి కూడా మూసుకుపోయి, తిన్న కొవ్వు ఒంటికి పట్టదు. అందుకే ప్రతి భోజనంతోనూ ఎంజైము క్యాప్సూళ్ళు, ధారాళంగా నెయ్యి, వేసవిలో అదనంగా ఉప్పు, నెబ్యులైజరు, ఛాతీ మీద, వీపు మీద తట్టి కఫం వదిలించడం మా దినచర్య అయ్యాయి. ఒంటికి తగిన బరువు ఉన్న పిల్లలకు ఊపిరితిత్తులు కూడా మెరుగుగా పనిచేస్తాయని వైద్యులు చెప్పిన నాడే ఆ గ్రాఫు మొదలైంది.

2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. అప్పుడు వాడి బరువు 22 కిలోలు. అంతకు ముందు ఏడాదిలో పెరిగినది 1.2 కిలోలు మాత్రమే. ఊపిరితిత్తుల వ్యాధి గల బిడ్డకు ఈ కొత్త వైరస్ సోకితే ఏమవుతుందో ఆనాడు ఎవరూ చెప్పలేకపోయారు. విద్యుత్తు ఆగకూడదు కనుక నేను డ్యూటీకి వెళ్ళక తప్పదు. వెళ్ళి వచ్చిన చేతులతో వాడి వీపు తట్టే ధైర్యం లేదు. అందుచేత వేరే తలుపు ఉన్న ముందు గదిలోకి నా మకాం మార్చుకున్నాను. రోజూ నేను చేసే పని మా ఆవిడ మీద పడింది. ఆదివారం ఉదయం వాడిని తూచి, పలక మీద అంకె వేసి కిటికీ దగ్గర చూపించేది. నేను నా పుస్తకంలో వ్రాసుకునేవాడిని.

ఈ వ్యాధి ఉన్నవారు ఒకరి సూక్ష్మజీవులు మరొకరికి సోకకుండా ఆరడుగుల దూరం పాటించాలి. వాడి వంటి పిల్లలతో వాడు ఏనాడూ కలిసి ఆడలేదు. టీవీలో రెండు గజాల దూరం గురించి విని, "నాన్నా, ఇప్పుడు అందరికీ నా రూలే వచ్చిందా?" అని కిటికీలోంచి అడిగాడు. నాకు సమాధానం తోచలేదు.

ఏప్రిల్ చివరికి క్యాప్సూళ్ళు నిండుకున్నాయి. కొరియరు లేదు. ఢిల్లీలో ఉన్న ఒక సహోద్యోగి మందు కొని, మన కేంద్రానికి విడిభాగాలు తెచ్చే లారీలో పంపారు. ఆ పొట్లం స్టోర్సులో అందుకున్న రోజును నేను మరువలేను. అయినా మే నెలలో బరువు 21.4కు పడిపోయింది. ఎండకు ఒంట్లో ఉప్పు తగ్గి, ఆకలి మందగించింది. ఫోనులో వైద్యుల సలహా తీసుకుని ఉప్పు పెంచాము. సెప్టెంబరులో 23.1, మరుసటి మార్చిలో 24.8 కిలోలు. ఏడాదిలో 2.8 కిలోలు! అన్నేళ్ళలో ఆ గీత అంత నిటారుగా లేచినది లేదు.

కారణం వెతికితే వింత ఏమీ లేదు. బడి లేదు కనుక జలుబులు లేవు. మూడు పూటలా తల్లి దగ్గర కూర్చుని తిన్నాడు. డబ్బాలో సగం మిగిల్చి తేవడం లేదు. ఇతర దేశాలలో కూడా ఆ ఏడాది ఇటువంటి పిల్లలలో ఊపిరితిత్తుల వ్యాధి తిరగబెట్టడం తగ్గిందనీ, పిల్లలలో చాలామందికి కోవిడ్ తేలికగానే వచ్చి పోయిందనీ తర్వాత తెలిసింది. ఊపిరితిత్తుల మార్పిడి చేయించుకున్నవారికి మాత్రం ముప్పు ఎక్కువగానే ఉన్నది.

బడులు తెరిచాక నాకు దురాశ పుట్టింది. వాడిని ఇంట్లోనే ఉంచి చదివిద్దామన్నాను. గ్రాఫు నా పక్షాన ఉన్నది. మా ఆవిడ, "ఏడాదిన్నరగా వాడు మనతో తప్ప ఎవరితో మాట్లాడాడండీ?" అని అడిగింది. అది నేను ఏ కాగితం మీదా వ్రాసుకోని లెక్క. వాడు తలుపు దగ్గర నిలబడి, "బడికి వెళ్తాను నాన్నా. మాస్కు పెట్టుకుంటాను. బరువు తగ్గితే మళ్ళీ తింటాలే" అన్నాడు.

పంపించాము. మొదటి నెలలోనే జలుబు చేసి అరకిలో తగ్గాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాని సాయంత్రాలు వాడు చెప్పే కబుర్లకు అంతు ఉండేది కాదు. లాక్‌డౌన్ నేర్పిన వాటిలో మాస్కునూ, చేతుల శుభ్రతనూ, ఇంటిల్లిపాదీ కలిసి తినే రాత్రి భోజనాన్నీ నిలుపుకున్నాము. ఒంటరితనాన్ని వదిలేశాము. నాలుగు నెలలలో గీత మళ్ళీ పైకి తిరిగింది.

సహోద్యోగ మిత్రులకు ఒక్క మనవి. ఇంట్లో బిడ్డ ఎంత తిన్నా బరువు పెరగకపోయినా, దగ్గు మాటిమాటికి తిరగబెట్టినా, మలం జిడ్డుగా ఉన్నా, చెమట మరీ ఉప్పగా ఉన్నా చెమట పరీక్ష గురించి వైద్యులను అడగండి. నాయనమ్మల మాటలను మా వలె కొట్టిపారేయకండి.

వాడు నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి. ఆదివారం తూకం ఇంకా సాగుతున్నది. అయితే ఇప్పుడు గ్రాఫు మీద చుక్క పెట్టేది నేను కాదు, వాడే.